ఉగాదికి వేప పువ్వు, మంచానికి వేప మండలు

ఈ ఏడు వసంతమంతా మాకు ఒక్క వేపచెట్టుతోనే గడిచిపోయింది. పచ్చడిలోకి పువ్వు అదే ఇచ్చింది, పిల్లల మంచాల మీదికి మండలూ అదే ఇచ్చింది.

మేముండేది బెంగళూరులో, రామమూర్తినగర్ వైపు, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. వెనకాల ఒక ఖాళీ సైటు ఉంది, అందులో పాత వేపచెట్టు ఒకటి. దాని తల సరిగ్గా మా వంటింటి బాల్కనీ ఎత్తుకి వస్తుంది. మూడేళ్ళ క్రితం ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు నేను నీళ్ళు ఎలా వస్తాయో అడిగాను, స్కూల్ బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగాను, చెట్టుని మాత్రం చూడలేదు. బట్టలు ఆరేయడానికి ఎండ రానివ్వదని మొదటి ఏడాది కాస్త చిరాకు కూడా పడ్డాను.

పోయిన ఉగాదికి మా చిన్నోడు, అప్పటికి వాడికి మూడేళ్ళు, మార్కెట్ నుంచి తెచ్చిన వేప పువ్వు కట్ట చూసి "అమ్మా, ఇది ఏ షాపులో కాస్తుంది?" అని అడిగాడు. వాడి తప్పేం లేదు, వాడికి అన్నీ షాపు నుంచే వస్తాయి. కానీ ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. అనంతపురంలో మా చిన్నప్పుడు పండగ ముందురోజు సాయంత్రం పిల్లలందరం పాత దుప్పటి ఒకటి పట్టుకుని వెళ్ళేవాళ్ళం, పెద్దవాళ్ళెవరో దోటితో కొమ్మ లాగి ఊపితే పువ్వంతా జలజలా రాలేది, తలలో, చొక్కా లోపల, చెవుల్లో అంతా పువ్వే. ఆ రాత్రి పడుకుంటే జుట్టులోంచి తేనె వాసన వచ్చేది. అందుకే వచ్చే ఉగాదికి వేప పువ్వు కొనేది లేదు, పిల్లల చేతే కోయిస్తాను అని అప్పుడే అనుకున్నాను. చెట్టు కిటికీ పక్కనే ఉంది కదా.

ఫిబ్రవరి నుంచే మొదలుపెట్టాం. ఆ నెలలో బెంగళూరు రోడ్లు ఎలా ఉంటాయో ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు, ఆకులన్నీ రాల్చేసి చెట్టంతా గులాబీ రంగు పూలతో టబేబుయాలు నిలబడి ఉంటాయి. స్కూలుకి వెళ్ళే దారిలో అవి ఎన్ని ఉన్నాయో పెద్దమ్మాయి లెక్కపెట్టేది, చిన్నోడు అక్క చెప్పిన లెక్కకి ఎప్పుడూ ఒకటి కలిపి చెప్పేవాడు. ఇవన్నీ ఎవరు నాటారని ఒకరోజు అడిగితే మా ఆయన క్రుంబీగల్ గురించి చెప్పారు. 1908లో బెంగళూరు వచ్చిన జర్మనీ ఆయన, లాల్‌బాగ్‌ని చూసుకున్నారు, ఒక రకం చెట్టు పూత అయిపోయేసరికి ఇంకో రకం పూసేలా ఊరి రోడ్ల పక్కన చెట్లు వేయించారు, అని. పెద్దది రెండో తరగతి, శ్రద్ధగా విని, "అయితే మన వేపచెట్టు కూడా ఆయనే వేశారా?" అంది. దానంతట అదే మొలిచి ఉంటుంది, ఏ కాకో పండు తిని విత్తనం పడేసి ఉంటుంది అన్నాను. ఆ కాకి ఏదో కనుక్కోవాలని రెండు రోజులు బాల్కనీలోనే నిలబడ్డారు ఇద్దరూ.

ఫిబ్రవరి చివరికి వేప ఆకులు పసుపు రంగుకి తిరిగి రాలడం మొదలైంది. బాల్కనీ ఎన్నిసార్లు ఊడ్చినా మళ్ళీ అంతే. కొన్ని రోజులు చెట్టు దాదాపు బోడిగా నిలబడింది. చెట్టు చచ్చిపోయిందా అని చిన్నోడికి భయం, రోజూ పొద్దున పాలు తాగకముందే వెళ్ళి చూసొచ్చేవాడు. ఒక పొద్దున కొమ్మల చివర రాగి రంగులో చిగురు కనిపించింది. వాడు నన్ను పొయ్యి దగ్గర నుంచి చెయ్యి పట్టి లాక్కెళ్ళాడు. పాలు పొంగిపోయాయి. పోనీలే అనిపించింది.

ఇంతవరకూ అంతా నేను అనుకున్నట్టే ఉంది.

మార్చి 13, గురువారం రాత్రి పెద్దదానికి ఒళ్ళు కొంచెం వెచ్చగా అనిపించింది. పొద్దునకల్లా తగ్గింది. ఆ శుక్రవారం హోలీ, కింద పిల్లలందరూ ఆడుతుంటే ఇది ఊరుకుంటుందా, నేనూ పంపించేశాను. శనివారం స్నానం చేయిస్తుంటే వీపు మీద ఎర్రగా నాలుగైదు దద్దుర్లు కనిపించాయి, రంగులు పడలేదేమో అనుకున్నాను. సాయంత్రానికి వాటిలో రెండు నీటి పొక్కులయ్యాయి. పొట్ట మీద, చెవి వెనక, తల్లో కూడా వచ్చాయి. అప్పుడు గుండె జారిపోయింది. అమ్మవారు. మా వైపు ఇప్పటికీ ఆ మాటే అంటాం, గుంటూరు వాళ్ళయితే ఆటలమ్మ అంటారు, డాక్టర్ చికెన్‌పాక్స్ అన్నారు.

డాక్టర్ చెప్పినవాటిలో ఒక మాటకి నాకు కాళ్ళు వణికాయి. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది ఇంకొకరికి అంటుతుందట. అంటే హోలీ రోజు! ఆ రోజు నా కూతురు కింద కనీసం పన్నెండు మంది పిల్లల మొహాలకి రంగు పూసింది. ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని నాలుగో అంతస్తుకి ఫోన్ చేయడం, ఎందుకంటే అక్కడి అమ్మాయికి ఏడో నెల, గర్భంతో ఉన్నవాళ్ళకి ఇంతకుముందు ఇది రాకపోయి ఉంటే చాలా ప్రమాదం. ఆ అమ్మాయికి చిన్నప్పుడే వచ్చిందని, అయినా తన డాక్టర్‌ని అడుగుతానని చెప్పింది. ఆ మాట వినేదాకా నాకు ఊపిరి ఆడలేదు. తర్వాత ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేశాను. సిగ్గుగా ఉంది, చెప్పక తప్పదు. ఒకావిడ విసుక్కుంది, జ్వరం వచ్చిన పిల్లని ఎందుకు పంపారు అంది, ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. మిగతావాళ్ళు మాత్రం దానికి ఏం తినాలనిపిస్తోందో అడిగారు.

టీకా సంగతి కూడా రాయాలి, ఎవరికైనా పనికొస్తుంది. దీనికి రెండు డోసులు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, పిల్లల డాక్టర్ దగ్గర డబ్బు కట్టి వేయించుకోవాలి, కాబట్టి గుర్తు పెట్టుకోవాల్సింది మనమే. పెద్దదానికి ఒక డోసే పడింది. రెండోది వేయించాల్సిన సమయంలో ఇల్లు మారాం, ఆ ఫైలు ఏ అట్టపెట్టెలోకో వెళ్ళింది, మళ్ళీ దాని ఊసే ఎత్తలేదు. చిన్నోడికి రెండూ వేయించాం. రెండు పడినవాళ్ళకి కూడా ఒక్కోసారి వస్తుంది, కానీ తేలికగా పోతుంది, రెండు మూడు వారాలు కనిపెట్టుకుని ఉండండి అన్నారు డాక్టర్. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి అస్సలు ఇవ్వకూడదు అని రెండుసార్లు చెప్పారు. గోళ్ళు పొట్టిగా కత్తిరించమన్నారు, దురదకి కాలమైన్ రాయమన్నారు, పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా బయటికి పంపొద్దన్నారు.

ఇక మా అత్తమ్మ. అనంతపురం నుంచి రోజుకి నాలుగు ఫోన్లు.

"ఏమ్మా, తిరగవాత పెట్టేది లేదు ఇంట్లో. మాంసం వండొద్దు. వేప మండలు పక్కలో వెయ్యి, గుమ్మానికి కట్టు. నీళ్ళు ఇప్పుడే పోయొద్దు, మూడో దినం పసుపు, వేపాకు వేసిన నీళ్ళు పోసేది."

డాక్టరేమో రోజూ గోరువెచ్చని నీళ్ళు పోయొచ్చు, దురద తగ్గుతుంది అన్నారు. ఇద్దరి మధ్యా నేను. మా ఆయన డాక్టర్ చెప్పిందే చెయ్యమన్నారు. నాకు మాత్రం ఆవిడ మాట పూర్తిగా తీసెయ్యబుద్ధి కాలేదు, ఎందుకంటే ఆవిడ నలుగురు పిల్లలకీ ఇది పోయడం చూసినావిడ, ఆ ఫోన్లలో భయం ఉంది, ప్రేమ ఉంది. మందులు డాక్టర్ చెప్పినట్టే వేశాను. నీళ్ళు రోజూ పోశాను, వాటిలో వేపాకు వేశాను. తిరగవాత మానేశాను, దానివల్ల పోయేదేముంది, పిల్ల ఎలాగూ పెరుగన్నం తప్ప ఏమీ ముట్టలేదు. ఆకు జబ్బుని తగ్గిస్తుందని నేననను, తగ్గేది రోజులు గడిస్తేనే. కానీ రాత్రి రెండు గంటలకి దురద తట్టుకోలేక ఏడుస్తున్న పిల్లకి గోరు తగలకుండా వేప రెమ్మతో మెల్లగా నిమిరితే ఎంత హాయిగా నిద్రపోతుందో నేను కళ్ళారా చూశాను. మా అమ్మ నాకు అలాగే నిమిరింది. ఆ చల్లదనం ఇప్పటికీ నా వీపుకి గుర్తుంది.

రెమ్మలు ఎక్కడివంటే, మా బాల్కనీలోంచి చెయ్యి చాపితే అందేవే.

పరీక్షలు పోయాయి. స్కూలు వాళ్ళు ఏడాదంతా వచ్చిన మార్కులతో సరిపెడతాం అన్నారు, ఆ టెన్షన్ అక్కడితో తీరింది. పెద్దది పది రోజులు వంటింటి బాల్కనీ పక్క గదిలోనే. ఇద్దరినీ విడివిడిగా ఉంచాలని చూశాను కానీ రెండు గదుల ఇంట్లో నాలుగేళ్ళవాణ్ణి ఎంతసేపు ఆపగలం, తలుపు కింద సందులోంచి అక్కకి బొమ్మ కార్లు తోసేవాడు. అది మంచం మీద పడుకుని చెట్టుని చూసి వాడికి వార్తలు చెప్పేది. ఈ రోజు మొగ్గలొచ్చాయి. ఈ రోజు ఒక చోట తెల్లగా విచ్చుకుంది. ఈ రోజు నల్ల పిట్ట వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆ నల్ల పిట్ట కోకిల. తెల్లవారుజామున అయిదు కాకముందే మొదలుపెట్టేది. మగ కోకిలే ఆ కూత కూసేది, ఆడది నల్లగా ఉండదు, గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, కాకి గూట్లో గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది అని చెప్పాను. వాళ్ళమ్మ పెంచదా, కాకి పెంచుతుందా అని పెద్దది చాలాసేపు ఆలోచించింది. జ్వరంలో ఉన్న పిల్లకి ఆ సంగతి చెప్పకుండా ఉండాల్సింది, ఆ రాత్రి నా కొంగు వదల్లేదు.

22వ తేదీ శనివారం సాయంత్రం పెద్ద వాన. ఈ ఏడాది మాకు మొదటి గట్టి వాన అదే, గాలి విపరీతం, ఊళ్ళో చాలా చోట్ల చెట్లు పడిపోయాయి. కిటికీలన్నీ మూసి ముగ్గురం ఒకే చోట కూర్చుని చూస్తున్నాం, వేపచెట్టు ఒక పక్కకి పూర్తిగా వంగి మళ్ళీ లేస్తోంది. తెల్లారి చూస్తే సైటులో నేలంతా తెల్లగా ఉంది. పూత రాలిపోయింది. ఉగాదికి ఇంకా వారం. పెద్దది ఏడ్చింది. పక్కులు కట్టిన మొహంతో, పది రోజుల నుంచి ఒక్కసారి కూడా పేచీ పెట్టని పిల్ల, ఆ పువ్వు కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. పక్కింటి ఆంటీ, కన్నడావిడ, బాల్కనీలోంచి విని, "బేవు మళ్ళీ పూస్తుందమ్మా, మొగ్గలున్నాయి చూడు" అని చూపించారు. నిజమే, పై కొమ్మలకి విచ్చుకోని గుత్తులు చాలా ఉన్నాయి. ఆంటీ మన వేపని బేవు అంటారు, ఉగాదికి వాళ్ళు బేవు బెల్లం కలిపి తింటారు, మనలాగా చింతపండు, మామిడి ముక్కలు, ఉప్పు, కారం వేసిన పచ్చడి కాదు.

శనివారం 29. పెద్దదానికి పక్కులన్నీ రాలిపోయాయి, డాక్టర్ బయటికి వెళ్ళొచ్చన్నారు. సైటు చూసుకునే తాతని అడిగాం, ఆయన నవ్వి, గేటు తీసి, దోటి కూడా తనే తెచ్చారు. మా ఆయన కొమ్మ వంచి ఊపారు, నేను, పెద్దది దుప్పటి నాలుగు మూలలూ పట్టుకున్నాం, చిన్నోడు మధ్యలో నిలబడతానని గొడవ. నిలబడ్డాడు. పువ్వు వాడి తల మీద రాలుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచాడు, రెండు పువ్వులు లోపల పడ్డాయి. చేదు! ఉమ్మలేదు. మింగి, "ఇంకా" అన్నాడు.

ఇంటికొచ్చాక చేతుల్లో పువ్వుని మెల్లగా నలిపి, చేటలో చెరిగి, కాడలు వేరు చెయ్యడం ఇద్దరికీ నేర్పించాను. హాలంతా కాడలే. ఆ రాత్రి పెద్దదాని జుట్టు వాసన చూశాను.

మర్నాడు ఉగాది, విశ్వావసు నామ సంవత్సరం, ఆదివారం. మధ్యాహ్నం బస్సుకి అనంతపురం వెళ్ళాలి, సోమవారం రంజాన్ సెలవు, ఎలాగూ స్కూలు లేదు. తలంటు పోద్దామని చిన్నోడి చొక్కా విప్పాను. పొట్ట మీద మూడు. నడుం దగ్గర ఒకటి, అప్పటికే నీరు చేరి.

అక్కకి కనిపించిన సరిగ్గా పదిహేను రోజులకి. పుస్తకంలో రాసినట్టు.

నేల మీదే కూర్చుండిపోయాను కాసేపు. బస్సు టికెట్లు రద్దు చేశాం. అత్తమ్మకి ఫోన్ చేస్తే అవతల నుంచి చాలాసేపు మాట రాలేదు, తర్వాత "నా తండ్రికి పోసిందా" అని, "పండగ పూట వచ్చింది, మంచిదే, చల్లగా చూస్తుందిలే తల్లి" అన్నారు. ఆవిడ మా కోసం బొబ్బట్లకి పూర్ణం రుబ్బి పెట్టుకున్నారు. నాకు తెలుసు, ఆవిడ ఫోన్ పెట్టాక ఏడ్చే ఉంటారు.

పచ్చడి మాత్రం చేశాను. కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడి పిందె సన్నగా తరిగి, ఉప్పు, రెండు పచ్చిమిరపకాయలు, చివర్లో పిల్లలు చెరిగిన పువ్వు పెద్దది తన చేత్తో వేసింది. దేవుడి దగ్గర పెట్టి, చిన్నోడికి వేలితో నాకించాను. "నిన్నటి చెట్టు" అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేం అక్కర్లేదు నాకు.

వాడికి డాక్టర్ చెప్పినట్టే తేలికగా పోయింది, అంతా కలిపి ముప్ఫై పొక్కులు కూడా లేవు, జ్వరం ఒక్క రాత్రే. కానీ వాణ్ణి చూసుకుంది నేను కాదు, వాళ్ళక్క. పండగ సాయంత్రం అదే బాల్కనీలోంచి రెమ్మలు తుంచింది, వాడి దిండు కింద ఎన్ని, పక్కన ఎన్ని, గుమ్మానికి ఎన్ని అని తనకి చేసినట్టే లెక్కగా పెట్టింది. రాత్రి నాకు మెలకువ వచ్చి చూస్తే, ఏడేళ్ళ పిల్ల, నిద్రకళ్ళతో కూర్చుని తమ్ముడి వీపు మీద వేప రెమ్మతో నిమురుతోంది. "గీరకూడదు రా, మచ్చలు పడతాయి. ఇలా, చల్లగా ఉందా?" అని అచ్చం నా గొంతుతో. తలుపు దగ్గరే ఆగిపోయాను, లోపలికి వెళ్ళలేదు.

సోమవారం మధ్యాహ్నం రెండో అంతస్తు వాళ్ళు రంజాన్ షీర్ ఖుర్మా డబ్బా గుమ్మం బయట పెట్టి, బెల్లు కొట్టి, మెట్ల దగ్గర నిలబడి చెయ్యి ఊపి వెళ్ళారు. వాళ్ళ పిల్లాడికి కూడా అప్పుడే వచ్చి తగ్గుతోంది. మా హోలీ వల్లే. ఆ డబ్బా తీసుకుంటుంటే నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

ఏప్రిల్‌లో ఇంకా పువ్వు వచ్చింది. కింద రాలింది రోజూ పొద్దున ఇద్దరూ ఏరుకొచ్చేవాళ్ళు, బాల్కనీలో నీడన పాత చీర మీద ఆరబెట్టాం. నేతిలో వేయించి చారులో వేస్తే ఆ చేదు ఎంత బాగుంటుందో ఈ ఏడే పెద్దదానికి తెలిసింది. తిరగవాత వాసన కోసం ఇల్లంతా మొహం వాచి ఉన్నాం, ఆ రోజు ఇంగువ వేసి పెట్టిన తిరగవాతకి మా ఆయన ఆఫీసు కాల్ మధ్యలోంచి లేచి వచ్చారు.

పోయిన శనివారం చివరికి అనంతపురం వెళ్ళాం. పెద్దది దారంతా ఒళ్ళో ఒక సీసా పట్టుకుని కూర్చుంది, ఎండిన వేప పువ్వు. బస్సు దిగి, గుమ్మం దాటగానే అవ్వ చేతిలో పెట్టింది. ఆవిడ ముందు పిల్లలిద్దరి మొహాలూ వెలుతురుకి తిప్పి మచ్చలు చూసుకున్నారు, చిన్నోడి చొక్కా ఎత్తి నడుం చూశారు. తర్వాత సీసా మూత తీసి వాసన చూసి, కొంచెం అరచేతిలో పోసుకుని, "కాడలు ఉండాయే ఇందులో" అన్నారు. లోపలికి వెళ్ళి చేట తెచ్చారు. ముగ్గురూ వాకిట్లో కూర్చుని చీకటి పడేదాకా కాడలు ఏరారు.